పండుగప్పకు పెళ్ళి చేసిన ఆఫీసు

మత్స్యశాఖలో ముప్పై ఏళ్ళ పైచిలుకు పనిచేసి రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో నా మీద రాతపూర్వకంగా వచ్చిన ఫిర్యాదు ఒకే ఒక్కటి. అది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "మా చెరువులకు మగచేపలను మాత్రమే అంటగట్టి, పెళ్ళికూతుళ్ళను ఇవ్వకుండా మోసం చేసినారు కనుక తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన." కింద పదకొండు మంది రైతుల సంతకాలు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తారు. "మేడమ్, మీ సర్వీసులో మీకు తగిలిన పెద్ద దెబ్బ ఏది?" అని అడుగుతారు. తుఫాను గురించో రొయ్యల రోగం గురించో చెబుతాననుకుని నోటుపుస్తకం తెరుస్తారు. నేను ఒక నాటకం సంగతి మొదలుపెట్టగానే మర్యాదగా మూసేస్తారు. మూయకండమ్మా, రాసుకోండి. రొయ్యల రోగానికి మందు ఎవరైనా చెబుతారు. ఇది నేనొక్కదాన్నే చెప్పగలను.

అప్పట్లో రొయ్య దెబ్బతిని, తోటపల్లి గూడూరు నుంచి విడవలూరు దాకా రైతులు చెరువులు ఎండబెట్టుకుని కూర్చున్నారు. రొయ్య బదులు పండుగప్ప వేసుకోమని మా శాఖ ప్రచారం మొదలుపెట్టింది. పండుగప్ప మంచి చేప. ఉప్పునీళ్ళలోనూ బతుకుతుంది, మంచినీళ్ళలోనూ బతుకుతుంది. దానికున్న దుర్గుణమల్లా ఆకలేస్తే సొంత తమ్ముణ్ణి మింగేయడం. అందుకని పెద్దపిల్లల్నీ చిన్నపిల్లల్నీ ఎప్పటికప్పుడు ఏరి వేరుచేస్తూ ఉండాలి. ఈ ముక్క రైతుల బుర్రకెక్కించడానికి కరపత్రం అచ్చువేశాం. మైపాడు బీచిలో బజ్జీలు దాంట్లోనే పొట్లం కట్టి ఇస్తుంటే నేనే కొనుక్కుని తిన్నాను. ఇక లాభం లేదని, పన్నెండు ఊళ్ళలో వీధినాటకం వేయించమని పైనుంచి ఉత్తరం వచ్చింది.

నాటకానికి దొరికిన కళాకారుడు ఇందుకూరుపేట వైపు మనిషి. ఏభై దాటాయి. పగలు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే పని. ఆ భుజాలూ ఆ చేతులూ చూసి భీముడి వేషాలు వేస్తాడేమో అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ఆయన కట్టింది ఆడవేషాలే. నెల్లూరు జిల్లాలో ఆయన చీర కట్టుకుని ఎక్కని స్టేజీ లేదు, ఒక్క సొంత ఊళ్ళో తప్ప. తల్లి చిన్నప్పుడే పోతే ఆయన్ను పెంచింది అక్క. బుట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే మనిషి. తమ్ముడు మొదటిసారి చీర కట్టిన రోజునే ఆవిడ ఒక మాట అందట. "యాడన్నా కట్టుకో, మన ఊళ్ళో మాత్రం వొద్దు. నేను తలెత్తుకొని చేపలమ్ముకోవాల." ఆ మాటను ఆయన ముప్పై ఏళ్ళు జవదాటలేదు. మా పన్నెండు ఊళ్ళ జాబితాలో తన ఊరు కూడా ఉండటం చూసి ఆయన నన్ను అడిగింది ఒక్కటే.

"మా ఊరు చివర్న పెట్టండి మేడమ్. అప్పటికి అక్కను ఒప్పించుకుంటా. ఒక్కసారి ఆమె ముందర ఆడాల. ఆ తర్వాత మానేసినా పర్లేదు."

సరేనని ఆ ఊరు చివర రాశాను. కరపత్రం చేతికిచ్చి, ఇందులో ఉన్నదాన్ని నాటకం చెయ్యమన్నాను. ఇరవై నాలుగు పేజీలు. నీళ్ళ ఉప్పు, మేత, ఏరివేత, జబ్బులు. రెండో రోజు పొద్దున్నే ఆయన కరపత్రంతో ఆఫీసుకొచ్చి ఒక వాక్యం మీద వేలు పెట్టారు.

"మేడమ్, ఇది నిజంగా నిజమేనా? ఈ చేప మగదిగా పెరిగి, కొన్నేళ్ళకు ఆడదిగా మారుతాదా?"

"మారుతుంది."

"ఏదో ఒకటీ అరా?"

"కాదండీ. దాని జాతి తీరే అంత. పెద్దయ్యేకొద్దీ ఆడవవుతాయి."

ఆయన ఆ వాక్యం మీద నుంచి వేలు తీయలేదు. తర్వాత మెల్లగా, "ఎవరూ ఏమీ అనరా?" అన్నారు.

"ఎవరు?"

"మిగతా చేపలు."

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. అది అడగాల్సిన ప్రశ్నే అని నాకు తట్టడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది.

రిహార్సల్ మా గోదాములో, వలల కట్టల మధ్య జరిగింది. హార్మోనియం ఒక దర్జీ భాయ్. నెల్లూరులో దుకాణం, ఈయన రవికెలన్నీ ఆయన కుట్టినవే. పాటకు ఒక అమ్మాయి. నాటకం మొదటి సగంలో ఈయన కుర్ర పండుగప్ప. మీసం దువ్వుకుంటూ వస్తాడు, తమ్ముణ్ణి మింగుతాడు, ఏరి వేరుచేయని రైతును వెక్కిరిస్తాడు. రెండో సగంలో తెర వేయకుండా, అందరూ చూస్తుండగానే మీసం తీసి, పాట పాడుతూ చీర కట్టుకుని, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట గుడ్లు పెట్టే తల్లి అవుతాడు. పాట అదే, గొంతు అదే. మా అటెండరు టీ గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయాడు.

రిహార్సల్ చూడ్డానికి పై అధికారి వచ్చారు. చెడ్డమనిషేం కాదు. నాటకం అయ్యాక చాలాసేపు నేల చూపులు చూసి, "ఏరివేత బాగుందమ్మా. ఈ మారడాలూ గీరడాలూ ఎందుకు? గవర్నమెంటు ప్రోగ్రాం ఇది" అన్నారు.

"కరపత్రంలో ఉంది సార్. మీ ముందుమాటకు ఎదురు పేజీలోనే."

"కాగితం మీద ఉంటే వేరు. మనిషి చేసి చూపిస్తే వేరు. మగచేపను మగవాడితో, ఆడచేపను ఆడమనిషితో చేయించండి." కారు ఎక్కబోతూ మళ్ళీ ఆగారు. "మగా ఆడా కలిసి ఒక స్టేజీ మీద ఊరికే తిరిగితే బాగుండదు. పెళ్ళి చేసెయ్యండి."

నేను చెప్పబోయే తప్పు ఇదే పిల్లలూ. నేను కాదనలేదు. కాదనకపోగా, ఇంటికెళ్ళి ఆ పెళ్ళి సీను నా చేత్తో నేనే రాశాను. మా జీపు డ్రైవరు పెళ్ళికొడుకు పండుగప్ప. పాట అమ్మాయి పెళ్ళికూతురు పండుగప్ప. మా అటెండరు రెండు చేతులకూ చెక్క డెక్కలు కట్టుకుని పురోహితుడైన పీత. తాళి, తలంబ్రాలు, అన్నీ పెట్టాను. మత్స్యశాస్త్రంలో పట్టా తీసుకున్నదాన్ని, రెండు చేపలకు జీలకర్రా బెల్లమూ పెట్టించాను.

ఈ మార్పు ఆయనకు చెప్పడానికి నేను పడ్డ తంటాలు అన్నీ ఇన్నీ కావు. మీకు పెళ్ళిపెద్ద రొయ్య వేషం ఉంది, మంచి డైలాగులున్నాయి అన్నాను. ఆయన తన చీర మడతపెట్టుకుంటూ నా చొక్కా వంక చూశారు. ఆ చొక్కా సంగతి చెప్పాలి. చెరువు గట్ల మీద తిరిగేటప్పుడు నేను చీర మీద మా ఆయన పాత చొక్కా వేసుకునేదాన్ని. ఎండకని చెప్పేదాన్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా మాట ఏ రైతూ వినేవాడు కాదు. చొక్కా తొడిగి, జేబుకు రెండు పెన్నులు పెట్టి, గొంతు బరువు చేసి అరవడం మొదలుపెట్టాక విన్నారు. "సార్" అని కూడా పిలిచారు. అలవాటైపోయి, ఇంట్లో కూడా అదే గొంతుతో మాట్లాడేదాన్ని.

"నా వేషం రెండు గంటల్లో తీసేస్తా మేడమ్" అన్నారాయన. "మీరు తీయకుండా ఎన్నేళ్ళ నుంచి కట్టుండారు?"

నాకు ఒళ్ళు మండింది. ఆఫీసు పనిలో అనవసరపు మాటలొద్దన్నాను, ఆ బరువు గొంతుతోనే. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఒంట్లో బాగాలేదని మర్నాడు చీటీ పంపారు. భాయ్ మాత్రం ఉండిపోయాడు గానీ, "వాయిస్తా మేడమ్ గారూ, మనసు మాత్రం పెట్టమని అడగొద్దు" అన్నాడు.

పెళ్ళి నాటకం బ్రహ్మాండంగా ఆడింది. అది ఇంకా పెద్ద ఖర్మ. ముసలమ్మలు లేచొచ్చి డ్రైవరు మీద అక్షింతలు వేసేవాళ్ళు. ఒక ఊళ్ళో పీత పురోహితుడికి తాంబూలమిచ్చి, ఇంట్లో గృహప్రవేశానికి ముహూర్తం అడిగారు. పదకొండు ఊళ్ళు తిరిగాం. పన్నెండోది ఆయన ఊరు. అక్కడికి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. "వర్షం కారణంగా రద్దు" అని రాశాను. ఆ రోజు చుక్క వాన పడలేదు.

ఆ ఏడు రైతులు పండుగప్ప వేశారు. మా శాఖ సంబరపడింది. ఏరివేత సంగతి ఎవరికీ గుర్తులేదు, పెళ్ళి మాత్రం అందరికీ గుర్తుంది. చేపపిల్లల కోసం వచ్చిన ఒక రైతు జతలుగా లెక్కపెట్టి ఇమ్మన్నాడు. ఇంకొకాయన ఒకే హ్యాచరీలో పుట్టిన పిల్లలు అన్నాచెల్లెళ్ళు అవుతారు గదా, సగోత్రీకులకు పెళ్ళెట్టా చేస్తామని పేచీ పెట్టి, మగపెళ్ళివారిని ఒక హ్యాచరీ నుంచీ ఆడపెళ్ళివారిని ఇంకో హ్యాచరీ నుంచీ తెచ్చుకున్నాడు. నేను ఇవన్నీ విని నవ్వుకున్నానే తప్ప, దీని మొదలు నా దగ్గరే ఉందని ఆలోచించలేదు.

ఏడాది తిరిగింది. చేపలు కిలో దాటాయి. పట్టి అమ్ముకోవాల్సిన సమయం. ఒక్క రైతూ వల వేయలేదు. ఏమయ్యా అంటే, "కడుపుతో ఉన్నవాటిని ఎట్ట పడతాం సార్? ఈనినాక పడతాం. పిల్లలు మిగిలితే వచ్చే ఏడు సీడ్ కొనే పని లేదు గదా" అన్నారు. కాపురానికొచ్చిన కోడలికి వండి పెట్టినట్టు మేత మీద మేత వేస్తున్నారు. నెలలు గడిచినా పిల్లలు పుట్టలేదు. ఉన్నవాటిలో పెద్దవి చిన్నవాటిని మింగుతున్నాయి. చివరకు తోటపల్లి గూడూరు రైతు ఒకాయన గుండె రాయి చేసుకుని మూడు చేపలు కోసి చూశాడు. ఒక్కదాంట్లోనూ గుడ్డు లేదు. అంతా మగపెళ్ళివారే. సోమవారం గ్రీవెన్స్‌లో ఫిర్యాదు పడింది.

నేను చార్టులు పట్టుకుని చెరువు చెరువుకూ పరుగెత్తాను. ఇది చెరువులో గుడ్లు పెట్టదు, ఈ వయసులో అన్నీ మగవే, ఏళ్ళు గడిచాక ఆడవవుతాయి, మీరిప్పుడు పట్టుకోకపోతే నాశనమవుతారు అని గొంతు పోయేలా అరిచాను. ఆ తోటపల్లి గూడూరు పెద్దాయన ఓపిగ్గా విని, "అట్టయితే ఆ రోజు తాళి కట్టించుకున్నది ఎవరు సార్? పెండ్లి మీ ఆఫీసోళ్ళే గదా చేసినారు, వీడియో ఉండాది" అని ఫోన్లో చూపించాడు. అందులో మా డ్రైవరు సిగ్గుపడుతున్నాడు.

ఆ సాయంత్రమే ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఆయన ఇనపకొక్కెంతో దిమ్మ లాగుతున్నారు. జరిగిందంతా చెప్పాను. నాదే తప్పని కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు గొంతు బరువు పెట్టడం కుదరలేదు. ఆయన దిమ్మను లారీలోకి తోసి, చేతులు తుడుచుకున్నారు.

"చేస్తా మేడమ్. మా ఊళ్ళోనే పెట్టాల. పగలే పెట్టాల, చీకట్లో చేస్తే తప్పు చేసినట్టుంటాది. అయిపోయినాక మీరు స్టేజీ ఎక్కి ఇది నిజమని చెప్పాల, కాగితం చూడకుండా. ఆ చొక్కా ఒకటి నాకియ్యాల."

"చొక్కా ఎందుకు?"

"మగవేషానికి."

"మీ అక్కగారు ఏమన్నారు?"

"నువ్వు చేస్తే చేసుకో, నేను రాను అనింది." ఆయన మొహం తిప్పుకున్నారు. "రాదులే. అయినా ఊరోళ్ళు మారుంటారు గదా, ఒకసారి ఆడి చూస్తా."

చేపల వేలం వేసే షెడ్డులో, మధ్యాహ్నం నాలుగు గంటలకు పెట్టాం. పదకొండు మంది రైతులూ ట్రాక్టరులో దిగారు. పై అధికారి నల్లద్దాలు పెట్టుకుని ముందు కుర్చీలో కూర్చున్నారు. ఆ ఊరి జనం, వలలు బాగుచేసే వాళ్ళూ, చేపలమ్మే ఆడవాళ్ళూ షెడ్డు నిండా ఉన్నారు. చొక్కా లేకుండా నలుగురిలో కూర్చుని ఎన్నేళ్ళయిందో, పైట పదిసార్లు సర్దుకున్నాను. ఆయన అక్క కోసం వెతికాను. కనిపించలేదు. నాటకం చెడిపోతే నా ఉద్యోగానికి ఒక మెమో వస్తుంది, అంతే. ఆయనకు మాత్రం ఆ ఊళ్ళో మళ్ళీ తిరిగే మొహం ఉండదు. అది నాకు కుర్చీలో కూర్చున్నాక గానీ బాగా అర్థం కాలేదు. భయమేసింది.

మొదటి సగం హాయిగా నడిచింది. నా చొక్కా వేసుకుని, మీసం తిప్పుతూ వచ్చి, తమ్ముణ్ణి మింగారు. తమ్ముడు మా డ్రైవరే. పెళ్ళికొడుకు హోదా పోయి ఆహారమైపోయాడు. ఏరివేత సంగతి జనం నోటితోనే మూడుసార్లు చెప్పించారు. తర్వాత హార్మోనియం మెత్తబడింది. ఆయన మీసం తీశారు. చొక్కా విప్పి, మడిచి, నాకు కనిపించేలా హార్మోనియం పెట్టె మీద పెట్టారు. లోపల ఎర్ర రవికె. ఎక్కడో ఒక ఈల వినపడింది, ఇంకెవడో వాణ్ణి తిట్టాడు. ఆయన పాడుతూ చీర చుట్టుకుంటున్నారు. నడక మారలేదు, కళ్ళు మారలేదు. ఇందాక మీసం దువ్విన కుర్రవాడిలోనే ఈమె కూడా ఉందని, నాకు అప్పుడు కనపడలేదని అనిపించింది.

సరిగ్గా ఆ సమయంలో తోటపల్లి గూడూరు పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఆగబ్బా! నువ్విప్పుడు మగా, ఆడా? అదేదో తేల్చి చెప్పి పాడుకో."

పాట ఆగింది. ఆయన సగం కట్టిన చీరతో ముందుకొచ్చి, నడుం మీద చెయ్యి పెట్టారు.

"పెద్దాయనా, నీకు దాని తూకం కావాల్నా, జాతకం కావాల్నా?"

జనం ఘొల్లుమన్నారు. పెద్దాయన నిజంగానే ఆలోచించాడు. "తూకమే" అన్నాడు.

"కిలో తూగినాక పట్టుకొని అమ్ముకో. నీ చెరువులో ఉన్నంతకాలం నీకు తూకమిస్తాది. నువ్వు దానికి నీళ్ళియ్యి, మేతియ్యి. అది ఎప్పుడేమవుతాదో దాన్ననుకోనీ."

పెద్దాయన తల పంకించి కూర్చున్నాడు. ఈయన తిరిగి వెళ్ళబోతుంటే కుచ్చిళ్ళు జారిపోయాయి. జబ్బ మీద చీర కూడా జారింది. నవ్వు ఇంకో రకంగా మొదలైంది. నాకు లేచి అరవాలనిపించింది. ఈలోగా షెడ్డు వెనక, ఐసు పెట్టెల చాటు నుంచి ఒక ముసలావిడ, చేపల బుట్ట దించి పక్కన పెట్టి, జనాన్ని నెట్టుకుంటూ వచ్చింది. ఆయన కొయ్యబారిపోయారు. ఆవిడెవరో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆవిడ తమ్ముడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కుచ్చిళ్ళు చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే మడత పెట్టడం మొదలుపెట్టింది. గొంతు తగ్గించలేదు, వేలంలో అరిచే గొంతు.

"ఏందిరా ఈ కట్టుడు? విడవలూరు తిరునాళ్ళలో గూడా ఇట్టనే జారిపోయినాయి. ఇన్నేళ్ళొచ్చినా పిన్నీసు పెట్టుకోవడం రాలేదు నీకు."

ఆయన కిందికి చూశారు. "విడవలూరుకి వచ్చినావా అక్కా?"

"వొచ్చినా. కావలికీ వొచ్చినా. వెనక నిలబడి చూసి పోయినా." ఆవిడ తన తాళికి గుచ్చుకున్న పిన్నీసు తీసి, పళ్ళతో తెరిచి, కుచ్చిళ్ళకు పెట్టింది. "మన ఊళ్ళో వొద్దన్నా గానీ, చూడనని జెప్పినానా? ఊ, కానీ. జనం కూర్చోనుండారు."

ఆయనకు పాట గుర్తు రాలేదు. భాయ్ అదే వరుసను తిప్పి తిప్పి వాయిస్తూనే ఉన్నాడు, కళ్ళు భుజానికి తుడుచుకుంటూ. అక్క పక్కకు పోకుండా అక్కడే, చీర కొంగు చివర పట్టుకుని నిలబడింది, మళ్ళీ జారుతుందేమోనని. చివరకు ఆయన పాట ఎత్తుకుని, సముద్రం దాకా వెళ్ళి, గుడ్లు పెట్టారు. షెడ్డులో ఎవరూ నవ్వలేదు. నేను ఏడ్చాను. ఆ సంగతి టూరు రిపోర్టులో రాయలేదు.

తర్వాత స్టేజీ ఎక్కాను. కాగితం లేదు. "ఇది నిజం. మేము చేసిన పెళ్ళి అబద్ధం" అన్నాను, నా మామూలు గొంతుతో. అది వెనక వరస దాకా వినపడింది. నేను దిగుతుంటే పై అధికారి నా చెవిలో, "ఇది మన కరపత్రంలోనే ఉందా?" అని అడిగారు. ఎదురు పేజీలోనే సార్ అన్నాను.

వారంలో పదకొండు చెరువుల్లోనూ వలలు పడ్డాయి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ రైతులు రాసిచ్చిన కాగితం కూడా నాకు కంఠతా వచ్చు. "సదరు చేపలు మగవైనను, ఆడవైనను, మధ్యలో మారినను మాకు ఎట్టి అభ్యంతరము లేదు." ఆ కాగితం మీద ఆఫీసులో ఏ ఫైలు నంబరు వేయాలో ఎవరికీ తెలియలేదు.

ఆ రోజు నాటకం అయ్యాక ఆయన నా చొక్కా తిరిగి ఇవ్వబోయారు. ఉంచుకోమన్నాను. మర్నాడు చొక్కా లేకుండానే చెరువు గట్ల మీద తిరిగాను. ఎండ కాస్త ఎక్కువ తగిలింది. ఎవరూ ఏమీ అనలేదు.